మోకీలు మార్పిడి తరువాత రోగి స్వయంగా చెప్పే స్కోరు: సందేహం

ప్రశ్న (ఆర్థోపెడిక్స్ పీజీ, విశాఖపట్నం):
థీసిస్ కోసం మోకీలు మార్పిడి చేయించుకుంటున్నవారి నుంచి ఆక్స్‌ఫర్డ్ నీ స్కోరు (Oxford Knee Score: మోకాలి నొప్పి, రోజువారీ పనుల గురించి రోగి జవాబులతో వేసే స్కోరు) సేకరిస్తున్నాను. గత నాలుగు వారాల అనుభవం మీద 12 ప్రశ్నలు, ఒక్కొక్కదానికి 0 నుంచి 4, అన్నీ బాగుంటే 48. అయితే శ్రీకాకుళం, పాడేరు వైపు నుంచి మా ఓపీకి వచ్చే పెద్దవారిలో చదవలేనివారు ఎక్కువ. ఇంటి సరుకులు సొంతంగా తెచ్చుకోగలరా అని అడిగితే "మా కోడలే తెత్తాది బాబూ" అంటున్నారు. అక్కడ సున్నా వేయాలా, ఖాళీగా వదలాలా?

జవాబు (ఫిజియోథెరపిస్ట్, గాజువాక):
సున్నా వేయకండి డాక్టరు గారూ. సున్నా అంటే మోకాలి వల్ల అసాధ్యమని. ఆవిడ బజారుకు వెళ్లకపోవడానికి కారణం కోడలు, మోకాలు కాదు. ప్రశ్న అడిగేది తెస్తున్నారా అని కాదు, తేగలరా అని. కాబట్టి కోడలు ఊళ్లో లేని రోజు వెళ్లగలరా అని మరోసారి అడిగి చూడండి. అప్పటికీ తేలకపోతే ఖాళీ వదలండి. రెండు ఖాళీల వరకు మిగిలిన జవాబుల సగటుతో పూరించవచ్చు. అంతకు మించితే ఆ రోగికి మొత్తం స్కోరు లెక్కించకూడదు.

జవాబు (సీనియర్ సర్జన్):
ఎవరు చదివి వినిపిస్తున్నారన్నది అంతకన్నా ముఖ్యం. ఆపరేషన్ చేసిన చేతులే కాగితం పట్టుకుంటే, మన ప్రాంతపు మర్యాద కొద్దీ "బాగుంది బాబూ" తప్ప మరో మాట రాదు. శస్త్రచికిత్స బృందంలో లేని ఒకరే, ముందూ తరువాతా ఒకే తీరున అడగాలి. ముందటి స్కోరు తప్పనిసరి: తరువాత 36 వచ్చిన ఇద్దరిలో ఒకరు 12 నుంచి, మరొకరు 30 నుంచి బయలుదేరి ఉంటే ఆ రెండూ ఒకే ఫలితం కావు. ఇంగ్లండులో 2009 నుంచి ఎన్‌హెచ్‌ఎస్ (అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ) ఆపరేషన్‌కు ముందు, తిరిగి ఆరు నెలలకు అడుగుతున్నది ఇందుకే.

జవాబు (ఫిజియోథెరపిస్ట్, గాజువాక):
ఒక లోటు మిగిలింది. ఆ 12లో మోకాళ్ల మీద వంగి లేవడం ఉంది గాని, బాసింపట్టు వేసుకొని కూర్చోవడం, నేల మరుగుదొడ్డి వాడటం లేవు. మన రోగులు మొదట అడిగేవి అవే. వాటిని 12లో కలిపితే స్కోరు ఇతరులతో పోల్చడానికి పనికిరాదు, కనుక విడిగా అడగండి. అప్పుడు కూడా "కూర్చోలేను", "కూర్చోవద్దన్నారు" అనే జవాబులను వేరువేరుగా రాసుకోండి. రెండోది మోకాలి స్థితి కాదు, మనమిచ్చిన సలహా.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. ఆ రెండు జవాబులకు వేరే గడులు పెడతాను. అడిగే బాధ్యత వేరే విభాగపు నర్సుకు అప్పగించడానికి మా ప్రొఫెసరు గారి అనుమతి కోరుతాను.