అనగననగ రాగము: సాధనమునా, సాధకమునా?

షట్తంత్రి:
వేమన పద్యం ఒకటి కొంతకాలంగా నన్ను వెంటాడుతున్నది. నడివయసులో జాజ్ గిటారు నేర్చుకోవడం మొదలుపెట్టాను. ఉంటున్నది ఇండియానాపోలిస్‌లో, అంటే జాజ్ గిటారులో మహా విద్వాంసుడు వెస్ మాంట్‌గోమరీ పుట్టిన ఊళ్ళో, కనుక కాస్త బెరుకుతోనే నేర్చుకుంటున్నాను. మా గురువు గారు ఏ సంగతినైనా ముందు నోటితో పాడించి, అది నోట నిలిచిన తరువాతనే తీగల మీదికి రానిస్తారు. నోట పలకనిది వేళ్ళతో వాయిస్తే అది వేళ్ళ అలవాటే తప్ప సంగీతం కాదని ఆయన పట్టుదల. అలా పాడించినప్పుడల్లా “అనగననగ రాగ మతిశయిల్లుచునుండు” అన్న పాదం గుర్తుకు వస్తుంది. ఇక్కడి “అను” ధాతువుకు పాడడమన్న అర్థం చెప్పవచ్చునా, లేక అది ఉత్త పలకడమేనా? మూడో పాదం మా ఇంట్లో “సాధకమున పనులు సమకూరు ధరలోన” అని చదివేవారు. పెద్దలు తీర్చగలరు.

యతిప్రియ:
మూడో పాదం “సాధనమున” అండీ, “సాధకమున” కాదు. అయితే ఛందస్సు మాత్రం ఈ విషయంలో మీకూ నాకూ కూడా సాక్ష్యం చెప్పదు. “సాధ”, “నమున”, “పనులు” అని మూడు సూర్యగణాలు (గలము లేదా నగణం) వస్తాయి. “న” తీసి “క” పెట్టినా గణం చెడదు, “సా”కూ “సమకూరు”లోని “స”కూ యతి చెడదు. కాబట్టి తేల్చవలసింది అర్థమే. సాధకం చేయడం అన్నది పాటకచేరీలవారి మాట. వేమన ఇక్కడ పనులన్నింటి గురించీ చెబుతున్నాడు, పాట ఆయనకు ఒక ఉదాహరణ మాత్రమే. సంగీతం ఉన్న ఇంట్లో ఎవరో తమ మాటను పద్యంలోకి దింపి ఉంటారని నా అనుమానం.

పాత అచ్చు:
యతిప్రియ గారు “న” మీద ఇంత భరోసా ఎక్కడినుంచి తెచ్చుకున్నారో తెలియదు. బ్రౌను దొర 1829లో వేమన పద్యాలను అచ్చు వేయించకముందు అవి జనం నోళ్ళలోనూ తాటాకుల మీదా తిరిగినవి, ఆ ప్రతులలో పాఠభేదాలకు కొదవ లేదు. అచ్చుపుస్తకం వేమన చేవ్రాలు కాదు. సరే, “సాధనమున” అనే ఒప్పుకుందాం. అప్పుడు సాధనము అంటే అభ్యాసం అని అందరూ ఎందుకు బల్ల గుద్ది చెబుతారు? సాధనమంటే పనిముట్టు, ఉపాయం. తగిన పనిముట్టు చేతిలో ఉంటే పనులు సమకూరుతాయన్నదే సూటి అర్థం. కొత్త గిటారు కొనడానికి ఇంట్లో ఒప్పించవలసిన షట్తంత్రి గారికి కూడా ఈ అర్థమే అక్కరకు వస్తుంది.

షట్తంత్రి:
పాత అచ్చు గారూ, ఆ అర్థం నా జేబుకు చేటు. వెస్ మాంట్‌గోమరీ సంగతే చూడండి. తనకు ముందుతరం జాజ్ గిటారిస్టు ఛార్లీ క్రిస్టియన్ రికార్డులు విని, ఆ వాదనమంతా చెవితోనే పట్టుకున్నాడు. స్వరలిపి చదవడం రాదు, పగలు ఉద్యోగం. రాత్రి పిక్‌తో, అంటే తీగలు మీటే బిళ్ళతో, మీటితే ఇరుగుపొరుగుకు ఇబ్బంది అని దాన్ని పక్కన పెట్టి బొటనవేలితో మీటడం మొదలుపెట్టాడని చెబుతారు. ఆయన వాదనానికి గుర్తుగా నిలిచిన ఆ మెత్తని నాదం పనిముట్టు వదులుకుంటే వచ్చినదే. 

నా స్థాయిలో ఒక చిన్న ఉదాహరణ చెబుతాను. జాజ్‌లో డి మైనర్ సెవెన్, జి సెవెన్, సి మేజర్ సెవెన్ అన్న మూడు కార్డుల (కలిసి పలికే స్వరాల గుంపుల) వరుస పదేపదే వస్తుంది. ఒక్కొక్క కార్డుకు మూలస్వరం, మూడో స్వరం, ఏడో స్వరం మాత్రమే పట్టుకుంటే, మొదటి కార్డులో మూడో తీగ మీద ఐదో ఫ్రెట్‌లో (మెట్టులో) ఉన్న వేలు రెండో కార్డుకు నాలుగో ఫ్రెట్‌కు జారుతుంది, నాలుగో తీగ మీది వేలు మూడో ఫ్రెట్‌లోనే ఉంటుంది. మూడో కార్డుకు ఆ నాలుగో తీగ వేలు రెండో ఫ్రెట్‌కు దిగుతుంది, మూడో తీగ మీది వేలు కదలదు. కింద మూలస్వరం తీగ మారుతూ ఉంటుంది కానీ, రాగం నడిచేది ఆ ఒక్కొక్క ఫ్రెట్ జారుడులోనే. ఇది కాగితం మీద చూస్తే ఒక్క నిమిషంలో అర్థమవుతుంది. తాళం తప్పకుండా, రెండో దెబ్బకూ నాలుగో దెబ్బకూ మాత్రమే మెట్రోనోమ్ (తాళం కొట్టే యంత్రం) పలికేట్టు పెట్టుకుని వాయించమంటే నెలల తరబడి కూర్చోవాలి. దీన్ని పనిముట్టు అని ఎలా అనమంటారు?

పాత అచ్చు:
బొటనవేలు కూడా పనిముట్టే కదండీ.

వీణావాద్యప్రియ:
మూడో పాదం కోసం కొట్టుకుంటూ మొదటి పాదాన్ని మరచిపోయారు. “పాడగ పాడగ రాగము, మూలగ మూలగ రోగము” అన్న సామెత అందరికీ తెలిసినదే. అక్కడ “పాడగ” ఉన్న చోటనే వేమన “అనగ” అన్నాడు, కనుక “అను”కు పాడడం అనే అర్థం జనవ్యవహారమే ఇస్తున్నది. ఇంకో మాట. రాగమూ వేమూ ఒకే కోవలోవని అందరూ అనుకుంటారు గాని, వేమన రెండు క్రియలు వాడాడు. పాడగా పాడగా రాగం “అతిశయిల్లుతుంది”, అంటే పెరుగుతుంది. తినగా తినగా వేపాకు పెరగదు, మారదు, మారేది మన నాలుక. ఒక పాదంలో వస్తువు ఎదుగుతున్నది, రెండో పాదంలో మనిషి మారుతున్నాడు. ఆటవెలది మొదటి సగంలోనే ఇంత భేదాన్ని చూపి, ఏమీ చూపనట్టు మూడో పాదానికి వెళ్ళిపోగల కవి వేమన ఒక్కడే అని నా అభిప్రాయం. షట్తంత్రి గారూ, “మొక్కై వంగనిది మానై వంగునా” అని ఎవరైనా మిమ్మల్ని ఆటపట్టిస్తే రెండో పాదం అప్పగించండి. వేములో మార్పు లేకపోయినా నాలుకకు అన్ని వయసులూ ఉన్నాయి.

యతిప్రియ:
వీణావాద్యప్రియ గారి వ్యాఖ్యానం బాగున్నది, సామెత సాక్ష్యం మాత్రం బలహీనం. సామెతలో ప్రాస కోసం రాగానికి రోగం జతపడింది, అక్కడి క్రియను తెచ్చి వేమనకు అంటగట్టలేము. “అనగనగా ఒక రాజు” అని కథ మొదలుపెట్టేటప్పుడు పాడుతున్నామా? అదే ధాతువు, అదే ద్విరుక్తి. అను అంటే నోటితో చెప్పడమే. రాగం పక్కన ఉన్నది కాబట్టి మనకు పాటలా వినిపిస్తున్నది.

వీణావాద్యప్రియ:
రాగం పక్కన ఉన్నప్పుడు పాటలా వినిపించకపోతే ఇంకెప్పుడు వినిపించాలి? కథలో “అను” క్రియకు రాజు కర్మ కాదు, ఇక్కడ అనబడేది రాగమే. రాగాన్ని ఉత్తినే “చెప్పిన”వాళ్ళను నేను ఇంతవరకు చూడలేదు.

షట్తంత్రి:
మా గురువు గారు ఇద్దరినీ ఒప్పుకుంటారేమో. ఆయన నా చేత ముందు తాళం మాత్రమే నోటితో అనిపిస్తారు, ఆ మీదట స్వరంతో పాడిస్తారు. స్వింగ్ అనే జాజ్ నడకలో జంటగా వచ్చే రెండు స్వరాలలో మొదటిది కొంచెం సాగి, రెండోది కురచ అవుతుంది. ఎంత సాగాలో కాగితం మీద రాయడానికి వీలుపడదు, వేగాన్ని బట్టి అది మారుతుంది. నోటితో అనగా అనగా తప్ప అది పట్టుబడదు.

పాత అచ్చు:
అంటే చివరకు నోరే సాధనం అన్నమాట. నా అర్థానికి బలం చేకూర్చినందుకు ధన్యవాదాలు.

తెలుగు విద్యార్థి:
మాకు బడిలో రెండో పాదం “తినగ తినగ వేము తియ్యగనుండు” అని చెప్పారు. పైన ఎవరూ ఆ పాదాన్ని పూర్తిగా రాయలేదు. ఏది సరైనది?

యతిప్రియ:
“తియ్యనుండు”. ఇక్కడ ఛందస్సు గట్టిగా సాక్ష్యం చెబుతుంది. ఆటవెలది సరిపాదంలో ఐదూ సూర్యగణాలే ఉండాలి, “తియ్యగ” అంటే భగణం అవుతుంది, అది సూర్యగణం కాదు.

వీణావాద్యప్రియ:
“తియ్యన”, “తియ్యగ” ఒకటే అర్థమా అన్నది వేరే ప్రశ్న. నేను ఒకటి కాదంటాను.