ఫోన్‌లో లాస్‌లెస్ ఆడియో పెట్టుకోవడం దండగా?

గోదారిగట్టు
ఆపిల్ మ్యూజిక్‌లో 2021 నుంచి, స్పాటిఫైలో 2025 నుంచి లాస్‌లెస్ (పాటలో ఏదీ పోకుండా వచ్చే ఆడియో) ఉంది కదా. నాకు బ్లూటూత్ ఇయర్‌బడ్స్, రోజుకి 1.5 జీబీ డేటా ఉన్నాయి. ఆన్ చేయమంటారా?

సిగ్నల్‌స్తంభం
వద్దు. సీడీ నాణ్యత అంటే సెకనుకి 1411 కిలోబిట్లు. బ్లూటూత్‌లో పాటని కుదించి పంపే పద్ధతుల్లో ఎల్‌డాక్ కూడా 990 దాటదు, అదీ కొంత వదిలేసే లాసీనే, ఐఫోన్ నుంచైతే ఏఏసీ అనే ఇంకో లాసీ పద్ధతి. పాట ఫోన్ దాకా పూర్తిగా వచ్చినా అక్కడ మళ్లీ కుదించే చెవికి పంపుతారు. ఆపిల్ లెక్క ప్రకారం 3 నిమిషాల పాట సెకనుకి 256 కిలోబిట్ల కుదింపులో 6 ఎంబీ, లాస్‌లెస్‌లో 36 ఎంబీ. నలభై పాటలకి మీ రోజు డేటా అయిపోతుంది.

పాతక్యాసెట్
అందరూ బ్లూటూత్‌లోనే వింటారని ఎవరు చెప్పారండీ? వైరు పెట్టుకుని వినేవాళ్లం ఉన్నాం. కుదించిన ఫైల్లో చిడతలు వినండి, దెబ్బకి ముందే సన్నగా మసక చప్పుడు వస్తుంది. మా నాన్న హరికథల క్యాసెట్లు ఫ్లాక్ (లాస్‌లెస్ ఫైలు) చేసి ఒక మ్యూజిక్ సర్వీసులో పెట్టాను. ఇంట్లో హార్డ్ డిస్క్ పోయాక డౌన్‌లోడ్ చేస్తే కుదించినవి వచ్చాయి.

మేఘమాల
ఆండ్రాయిడ్ 3.1 నుంచే ఫ్లాక్ ప్లే అవుతోంది. ఫోన్లలో హెడ్‌ఫోన్ జాక్ తీసేశాకే ఈ గొడవంతా.

సిగ్నల్‌స్తంభం
ఆ మసక తక్కువ బిట్‌రేట్‌లో (సెకనుకి తక్కువ కిలోబిట్లలో) వచ్చే లోపం. 256లో ఏది ఏదో చెప్పకుండా వినిపిస్తే చాలామంది కనిపెట్టలేరు. పైగా మీది క్యాసెట్. టేపు హిస్సే (వెనక బుస్సుమనే చప్పుడు) అంత ఉంటే ఫ్లాక్‌లో దాచేది ఏముంది? క్యాసెట్‌కి 256 చాలా ఎక్కువ.

పాతక్యాసెట్
ఏముందా? శ్రీరామనవమి పందిట్లో మా నాన్న గొంతు ఉంది. ఆయన పోయి తొమ్మిదేళ్లయింది. ఆ హిస్ జాగ్రత్తగా తీయించాలంటే అసలు ఫైలు కావాలి, ఒకసారి కుదించాక మళ్లీ ఫ్లాక్‌లోకి మార్చినా పోయింది రాదు. నాకు వినపడుతుందా లేదా అని పరీక్ష పెడతారేంటి? నేను ఇచ్చింది నాకు తిరిగి ఇవ్వలేదు, నా గొడవ అదీ.

సిగ్నల్‌స్తంభం
ఆ మాట మొదటే చెప్పాల్సింది. అది దాచుకోవడం, ఈయన అడిగింది వినడం. మ్యూజిక్ సర్వీసు పాట వినిపించడానికే, ఫైలుని ఉన్నదున్నట్టు దాచడానికి కాదు. మామూలు ఫైల్ స్టోరేజీలో పెట్టాల్సింది.

పాతక్యాసెట్
"మీ పాటలు అప్‌లోడ్ చేసుకోండి" అని పిలిచింది వాళ్లు. కుదిస్తామని ఆ బటన్ పక్కనే పెద్దక్షరాల్లో రాయాలి, ఏ మూలో సహాయం పేజీలో కాదు. మామూలు మనిషి అప్‌లోడ్ అంటే భద్రమనే అనుకుంటాడు. తప్పు నాదే అన్నట్టు మాట్లాడకండి.

గోదారిగట్టు
మొబైల్ డేటాకి, వైఫైకి సెట్టింగ్ విడివిడిగా ఉంది. వైఫైలో మాత్రం ఆన్ చేశాను.

సిగ్నల్‌స్తంభం
ఇయర్‌బడ్స్‌తో వైఫైలో కూడా తేడా ఉండదని ఇంకా అంటాను. @పాతక్యాసెట్, తప్పు మీదని కాదు. హిస్ గురించి అలా అనకుండా ఉండాల్సింది. క్యాసెట్లు ఉన్నాయా?

పాతక్యాసెట్
పదకొండులో ఏడు ఉన్నాయి. డెక్ బెల్టు సాగిపోయింది, మార్పించాలి. ఈసారీ ఫ్లాక్‌లోనే ఎక్కిస్తాను, రెండు డిస్కుల్లో పెడతాను.