పెద్దమనుషుల ముందు కాగితం రాసుకుంటే విడాకులు అయినట్టేనా?

ప్రశ్న:
చెల్లెలి పెళ్లి తెనాలిలో జరిగింది. తను హైదరాబాద్‌లో, అతను డల్లాస్‌లో. 14 నెలలుగా విడిగా ఉంటున్నారు, పిల్లలు లేరు. 20 లక్షలకు ఒప్పుకొని పెద్దమనుషుల ముందు 100 రూపాయల స్టాంపు కాగితం మీద రాసుకున్నారు. అది చాలదా? అతనేమో అమెరికా కోర్టులో అయితే త్వరగా తేలిపోతుందంటున్నాడు. అతని మీదా అతని ఇంటివాళ్ల మీదా 498ఏ కేసు (భార్యను వేధించారన్న కేసు) కూడా ఉంది.

జవాబు 1:
చాలదండి. మీ కులంలో అలాంటి విడాకుల ఆచారం ఉందని సాక్ష్యాలతో రుజువు చేయగలిగితే తప్ప, హిందూ పెళ్లి రద్దయ్యేది కోర్టు డిక్రీతోనే, అంటే కోర్టు ఇచ్చే విడాకుల తీర్పుతోనే. ఆ కాగితాన్ని నమ్ముకుని ఎవరు మళ్లీ పెళ్లి చేసుకున్నా అది చెల్లదు, పైగా క్రిమినల్ కేసవుతుంది.

హిందూ వివాహ చట్టం 13బి కింద ఇద్దరూ కలిసి పిటిషన్ వేయాలి. పెళ్లి జరిగిన తెనాలి వైపు కోర్టులోనైనా, చివరిసారి కాపురం ఉన్న చోటైనా వేయొచ్చు. మీ చెల్లెలూ పిటిషనరే కాబట్టి హైదరాబాద్ ఫ్యామిలీ కోర్టూ పనికొస్తుంది. పెళ్లి రిజిస్టర్ కాకపోతే శుభలేఖ, ఫొటోలు పెట్టండి.

జవాబు 2:
పిటిషన్ వేశాక ఆరు నెలలు ఆగి, 18 నెలల లోపు రెండో మోషన్‌కు, అంటే విడాకులు ఇవ్వమని మళ్లీ అడగడానికి, ఇద్దరూ కోర్టుకు రావాలి. ఈ ఆరు నెలలు తగ్గించమని అడగొచ్చని 2017లో అమర్‌దీప్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ అందులో చెప్పిన ప్రకారం పిటిషన్ వేసేనాటికే విడిగా ఉండి ఏడాదిన్నర దాటాలి. మీకు 14 నెలలే. ఇంకో నాలుగు నెలలు ఆగి మినహాయింపు అడిగినా, ఇవాళే వేసి ఆరు నెలలు ఆగినా దాదాపు ఒకే సమయం పడుతుంది. ఇప్పుడే వేయడం మేలు.

జవాబు 3:
అమెరికా డిక్రీ జోలికి పోవద్దు. తిరుపతిలో పెళ్లి చేసుకుని మిస్సోరీ కోర్టులో తీసుకున్న విడాకులు ఇక్కడ చెల్లవని 1991లో నరసింహారావు, వెంకటలక్ష్మి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అయితే భార్య అక్కడి విడాకులకు సమ్మతిస్తే సంగతి మారుతుంది. అందుకే మెయిల్‌లో వచ్చే కాగితాలపై మీ చెల్లెలు చదవకుండా సంతకం పెట్టకూడదు.

అతను రాలేకపోతే తన తరఫున కోర్టు పని చూసేందుకు తండ్రికో అన్నకో స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీ (అధికార పత్రం) ఇవ్వాలి. భారత కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించి, ఇండియాకు చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టాలి. చాలామంది మరిచిపోయేది ఈ మూడు నెలల గడువే. పవర్ ఉన్నా, అతని సమ్మతిని జడ్జి వీడియోలో స్వయంగా అడగొచ్చు.

ప్రశ్న అడిగినవారు:
ముందు 498ఏ కొట్టేయించండి, ఆ తర్వాతే డబ్బు అని అతని తరఫువాళ్లు అంటున్నారు. ఒప్పుకోవచ్చా?

జవాబు 2:
వద్దండి. డిక్రీ వచ్చేదాకా ఎవరైనా సమ్మతి వెనక్కి తీసుకోవచ్చు, 1991 నాటి సురేష్టా దేవి తీర్పు అదే. కాబట్టి చివరిదాకా ఇద్దరి చేతిలోనూ ఏదో ఒకటి మిగిలి ఉండాలి. పిటిషన్ రోజు కొంత, రెండో మోషన్ రోజు కొంత, హైకోర్టులో 498ఏ కేసు రద్దయ్యే రోజు మిగతాది, అన్నీ డీడీలే. ఈ వరసంతా పిటిషన్‌తో పెట్టే ఒప్పందంలోనే రాయించండి.

498ఏ స్థానంలో ఇప్పుడు బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 85 వచ్చింది. ఏ సెక్షన్ కింద ఉన్నా, రాజీ మీద రద్దు కోరే పిటిషన్‌లో అత్తమామలు, ఆడపడుచులతో సహా నిందితులందరి పేర్లూ చేర్చాలి. ఒక్కరు తప్పినా వాళ్ల మీద కేసు అలాగే మిగిలిపోతుంది.

జవాబు 1:
ఇంకొకటి. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఎలా ఉంటే పిటిషన్‌లోనూ అక్షరం తేడా లేకుండా అలాగే ఉండాలి. లేకపోతే డిక్రీ చేతికొచ్చాక సవరణ కోసం మళ్లీ కోర్టు చుట్టూ తిరగాల్సి వస్తుంది.