సొంత జట్టును ‘బూ’ అనడం: గేలి, ఈసడింపు, నిష్ఠూరం

మొన్న మన చర్చావేదికలో ఒక సభ్యులు అడిగిన ప్రశ్న చూడటానికి చిన్నదే. క్రికెట్ వ్యాసం ఒకటి తెలుగులోకి తెస్తూ, అభిమానులు తమ జట్టు సారథినే చూసి ‘బూ’ అని అరిచారన్న వాక్యం దగ్గర కలం ఆగిపోయిందనీ, దానికి తగిన తెలుగు మాట చెప్పమనీ వారు కోరారు. గేలి, హేళన, ఎగతాళి, ఈసడింపు, ఛీత్కారం, నిరసన అని తలా ఒక మాట సూచించాక, చర్చ అసలు సొంత జట్టును అలా అనవచ్చునా కూడదా అన్న వైపు మళ్లింది. దారి తప్పిందని కొందరు నొచ్చుకున్నారు గానీ, నాకు మాత్రం ఆ రెండు ప్రశ్నలూ ఒకే చోట ముడిపడి ఉన్నాయనిపిస్తోంది. మాట తేలితే తప్పొప్పులు కూడా చాలావరకు తేలతాయి.

వచ్చిన మాటలను ఒకసారి పక్కపక్కన పెట్టి చూద్దాం. గేలి, హేళన, ఎగతాళి అన్న మూడింటిలోనూ నవ్వు ఉంది. నవ్వేవాడు ఒడ్డున ఉంటాడు, నవ్వులపాలయ్యేవాడు నీళ్లలో ఉంటాడు. ఈసడింపులో నవ్వు లేదు, చులకన ఉంది. ఛీకొట్టినవాడు ముఖం తిప్పుకుని వెళ్లిపోతాడు. నిరసన అన్న మాటకు సంస్కృతంలో తోసివేయడమనే అర్థం ఉన్నా, నేటి తెలుగులో దాని వెనుక ఒక కోరిక, ఆ కోరికను వినవలసిన ఒక అధికారి ఉంటారు. వీటిలో ఏ మాటకూ అనేవాడికీ పడేవాడికీ మధ్య చుట్టరికం అక్కరలేదు. దారిన పోయేవాడు కూడా గేలి చేయగలడు. సొంత జట్టు విషయంలో మనల్ని బాధించేది ఆ చుట్టరికమే గనుక, ఇంతవరకు ఎవరూ తలవని ఒక మాటను ఇక్కడ పెట్టాలనుకుంటున్నాను. అది నిష్ఠూరం.

సంస్కృతంలో నిష్ఠురమంటే కరకుదనం, కఠినమైన పలుకు. తెలుగు వాడుకలోకి వచ్చేసరికి దానికి ఒక ఇంటివాసన అబ్బింది. పెళ్లికి పిలవలేదని మేనత్త నిష్ఠూరమాడుతుంది, ఊరికి వచ్చి తన గడప తొక్కకుండా వెళ్లాడని స్నేహితుడు నిష్ఠూరాలు పోతాడు. పరాయివాడు మనపై ఫిర్యాదు చేస్తాడు గానీ నిష్ఠూరమాడడు, ఆడే హక్కు అతనికి లేదు. నిష్ఠూరంలో కోపం ఉంటుంది, ఆ కోపం కింద ‘నువ్వు నావాడివి కాబట్టే అడుగుతున్నాను’ అన్న మాట పలకకుండానే వినపడుతుంది. అంత్యనిష్ఠూరం కన్నా ఆదినిష్ఠూరం మేలన్న సామెత కూడా కలిసి బతకవలసిన వాళ్ల మధ్య పుట్టిందే.

అభిమాని అన్న మాటను కూడా ఇక్కడ తడమాలి. మనకు అభిమానం ఒక ఆటగాడిపై ఉండే ప్రేమ, అదే అభిమానం మన ఆత్మగౌరవం కూడా. ‘అతనంటే నాకెంతో అభిమానం’ అంటాం, ‘నా అభిమానం దెబ్బతింది’ అని కూడా అంటాం. తెలుగువాడు ఒక జట్టుకు అభిమాని అయ్యాడంటే తన పరువులో కొంత ఆ జట్టు చేతిలో పెట్టినట్టే. అందుకే జట్టు ఓడిన రాత్రి తనకే అవమానం జరిగినట్టు అన్నం సయించదు. ఆ నొప్పి నిజమైనదేనని నేను ఒప్పుకుంటాను, దాన్ని చిన్నచూపు చూసేవారితో నాకు ఏకీభావం లేదు.

ఒక మిత్రులు సుమతీ శతక పద్యాన్ని తెచ్చారు.

అక్కరకు రాని చుట్టము
మ్రొక్కిన వరమీని వేల్పు మోహరమునఁ దా
నెక్కినఁ బాఱని గుఱ్ఱము
గ్రక్కున విడువంగవలయుఁ గదరా సుమతీ!

యుద్ధంలో ఎక్కితే పరుగెత్తని గుర్రాన్ని విడిచిపెట్టమంటే, ఫైనల్లో ఆడని ఆటగాణ్ణి ఏమనాలో మీరే చెప్పండని వారి వాదన. పద్యంలోని క్రియను గమనించమని వారిని సవినయంగా కోరుతున్నాను. ‘విడువంగవలయు’ అన్నాడు కవి. గుర్రాన్ని చూసి నవ్వమని గానీ, చుట్టాన్ని వీధిలో నిలబెట్టి తిట్టమని గానీ ఆ నాలుగు పాదాల్లో ఎక్కడా లేదు. విడిచినవాడు లేచి ఇంటికి పోతాడు. సొంత జట్టును చూసి అరిచేవాడు విడవలేదు, విడవలేకనే అరుస్తున్నాడు. అందుచేత ఈ పద్యం అతనికి సాక్ష్యం చెప్పదు.

అతనికి నిజంగా సాక్ష్యం కావాలంటే భద్రాచలం వెళ్లాలి. గోలకొండ చెరలో ఉన్న రామదాసు ‘ఎవడబ్బ సొమ్మని కులుకుచు తిరిగేవు రామచంద్రా’ అని తన దేవుణ్ణే నిలదీశాడు. సీతమ్మకు చేయించిన చింతాకు పతకానికి ఎంత పట్టిందో లెక్క కూడా చెప్పాడు. డబ్బు పెట్టి టికెట్టు కొన్నాం, అడిగే హక్కు మాకుందని ఈ చర్చలో ముగ్గురు రాశారు. ఖర్చు లెక్క చెప్పడం తప్పేమీ కాదని రామదాసు కీర్తనే చెబుతోంది. కానీ ఆ కీర్తనలో ప్రతి చరణం చివర ఒక పిలుపు ఉంది. ఎవరిని అంటున్నాడో, ఎందుకు అంటున్నాడో అందులో దాపరికం లేదు. తిట్టిన తరువాత ‘అబ్బా తిట్టితినని ఆయాసపడవద్దు’ అని, దెబ్బలకు ఓర్వలేక తిట్టానని బతిమాలుకున్నాడు కూడా. నిష్ఠూరానికి సంబోధన ప్రాణం. ‘నువ్వు’ అన్న మాట తీసేస్తే నిష్ఠూరం నిలవదు.

మా ఊళ్లో సంక్రాంతికి జరిగే కబడ్డీ పోటీల్లో దీన్ని చిన్నప్పుడే చూశాను. కూతకు వెళ్లినవాడు గీత దాటి రెండడుగులు వేయకుండానే పట్టుబడి వెనక్కి వస్తుంటే, అంచున కూర్చున్న పెద్దాయన ‘ఏరా అబ్బాయ్, పొద్దున అన్నం తినలేదా, ఆ కాలు ఎందుకు వెనక్కి లాగావు?’ అని గట్టిగా అనేవాడు. ఆ మాట ఎవరి నోటి నుంచి వచ్చిందో ఆటగాడికి తెలుసు, ఆయన తనకు మామయ్య వరస అవుతాడనీ తెలుసు, ఏ కాలి గురించి అన్నాడో కూడా తెలుసు. మరుసటి కూతకు ఆ కాలు సర్దుకునేవాడు. వేలమంది కూర్చున్న స్టేడియంలో ఈ మూడు తెలియడాలూ లేవు.

అవి లేనప్పుడు ఏమవుతుందో 2024 ఐపీఎల్ మొదటి పదకొండు రోజుల్లో హార్దిక్ పాండ్యా విషయంలో అందరం చూశాం. గుజరాత్ టైటాన్స్‌కు 2022లో కప్పు తెచ్చిపెట్టి, మరుసటి ఏడాది ఫైనల్ దాకా నడిపించిన అతను తన పాత జట్టు ముంబై ఇండియన్స్‌కు తిరిగి వచ్చాడు. రోహిత్ శర్మను తప్పించి యాజమాన్యం అతనికి పగ్గాలిచ్చింది. మార్చి 24న అహ్మదాబాద్‌లో ‘బూ’ అన్నారు, 27న మన ఉప్పల్‌లో అన్నారు, ఏప్రిల్ 1న సొంత మైదానమైన వాంఖడేలో కూడా అన్నారు. అహ్మదాబాద్ వారిది తమను విడిచి వెళ్లాడన్న నొప్పి, అక్షరాలా నిష్ఠూరం. ఉప్పల్‌లో, సన్‌రైజర్స్ 277 పరుగులు చేసి చరిత్ర రాసిన ఆ రాత్రి, అది ఎదుటి జట్టు సారథిని గేలి చేయడమే. వాంఖడే వారి ఫిర్యాదు అసలు అతనిపై కన్నా రోహిత్‌ను తప్పించిన యాజమాన్యంపై ఉంది. మూడు వేర్వేరు భావాలు, మూడు వేర్వేరు చిరునామాలు, ధ్వని మాత్రం ఒక్కటే. వాంఖడేలో టాస్ వేళ వ్యాఖ్యాత సంజయ్ మంజ్రేకర్ మైకులో ప్రేక్షకులను మర్యాదగా ఉండమని చెప్పవలసి వచ్చింది. నిర్ణయం తీసుకున్నవారి పేరు ఆ కేకలో లేదు, ఉండే వీలూ లేదు. ఎదురుగా నిలబడ్డవాడు పడ్డాడు.

‘బూ’ అన్న ధ్వనిలో అక్షరాలు లేకపోవడమే ఇక్కడ చిక్కు. ధ్వని అర్థం ఊరినిబట్టి మారుతుందనడానికి మన ఈల చాలు. తెలుగునాట సినిమా హాల్లో ఈల పడిందంటే అది నీరాజనం. స్పెయిన్‌లో మాడ్రిడ్‌లోని బెర్నబేవు ఫుట్‌బాల్ మైదానంలో ఈల అంటే ఛీత్కారం. రియల్ మాడ్రిడ్ అభిమానులు సొంత ఆటగాళ్లపైనే ఈలలు వేస్తారు, కోపం ఇంకా ముదిరితే తెల్ల చేతిరుమాళ్లు ఊపుతారు. అక్కడ తరతరాలుగా స్థిరపడిన వాడుక ఉంది గనుక ఆ ఈలను నిష్ఠూరంగా స్వీకరించవచ్చునని ఎవరైనా అంటే కొంత ఒప్పుకోవచ్చు. అయినా 2017 ఏప్రిల్‌లో బయెర్న్ మ్యూనిక్‌పై మూడు గోల్స్ చేసిన రాత్రి, ఆ జట్టు ఆటగాడు క్రిస్టియానో రొనాల్డో ఇక్కడ తనపై ఈలలు వేయవద్దని సొంత అభిమానులనే కోరాడు. ఆ వాడుక మధ్యనే ఏళ్ల తరబడి ఆడినవాడికి కూడా అది గేలిగానే వినపడిందన్నమాట.

మనవాళ్ల చరిత్రలోనూ ఇది కొత్త కాదు. 2006 మార్చిలో ఇంగ్లండ్‌తో టెస్టులో 21 బంతులాడి ఒక్క పరుగుకు అవుటైన సచిన్ టెండూల్కర్‌ను ఇదే వాంఖడేలో కొందరు ఇలాగే సాగనంపారు. అంతకు పదేళ్ల ముందు, 1996 మార్చి 13న, ఈడెన్ గార్డెన్స్‌లో ప్రపంచ కప్ సెమీఫైనల్ ఇంకా చేదైనది. 98 పరుగులకు ఒక్క వికెట్టుతో ఉన్న భారత్ 120 పరుగులకు ఎనిమిది వికెట్లు పోగొట్టుకునేసరికి సీసాలు మైదానంలోకి వచ్చాయి, గ్యాలరీల్లో మంటలు లేచాయి, మ్యాచ్ రిఫరీ క్లైవ్ లాయిడ్ శ్రీలంక గెలిచినట్టు ప్రకటించాడు. టాస్ గెలిచి ముందుగా బౌలింగ్ తీసుకున్న సారథి మన హైదరాబాదీ అజహరుద్దీన్. ఆ నిర్ణయాన్ని అడగవలసిన తీరులో అడిగి ఉంటే అది నిష్ఠూరమే అయ్యేది. కానీ ఆ రాత్రి గుర్తున్నవారెవరికైనా ముందుగా కళ్లలో మెదిలేది వినోద్ కాంబ్లీ ఏడుస్తూ వెనక్కి నడిచిన దృశ్యం. అతను అప్పటికి అవుటవలేదు.

అందువల్ల సొంత జట్టును అనవచ్చునా అంటే, అనవచ్చు, అనాలి కూడా. పేరు పెట్టి అనండి, చేసిన తప్పు ఫలానాదని చెప్పి అనండి, నిర్ణయం యాజమాన్యానిదైతే వారిని అనండి, అట్టపై రాసి పట్టుకోండి, పత్రికకు ఉత్తరం రాయండి. మనసు విరిగిపోతే సుమతీకారుడు చెప్పినట్టు విడిచి ఇంటికి వెళ్లండి. ‘బూ’ అనవద్దని నేననేది ఆటగాళ్లు సుకుమారులని కాదు. మీ నోటి నుంచి నిష్ఠూరంగా బయలుదేరినది అతని చెవిలో గేలిగా పడుతుంది, దారిలో దాన్ని సరిదిద్దే అక్షరం ఒక్కటీ ఉండదు.

ఇక మొదటి ప్రశ్న అడిగిన మిత్రులకు. మీ వాక్యం వాంఖడే సంగతే అయితే ‘సొంత సారథినే గేలి చేశారు’ అని రాయడం సరైనది. ‘నిరసన తెలిపారు’ అంటే యాజమాన్యాన్ని ఏదో అడిగినట్టు అర్థం వస్తుంది, అక్కడ అలా జరగలేదు. ‘ఛీకొట్టారు’ కూడా వద్దు, ఎందుకంటే వారు ముఖం తిప్పుకుని వెళ్లిపోలేదు. అదే ఏడాది జూన్ 29న బార్బడోస్‌లో, దక్షిణాఫ్రికాకు 16 పరుగులు కావలసిన ఆఖరి ఓవర్‌ను హార్దిక్ వేసి టీ20 ప్రపంచ కప్పు గెలిపించాక, జులై 4న ఆ వాంఖడేలోనే జనం అతని పేరు పెట్టి పిలిచారు. ఆ వాక్యం కూడా మీ వ్యాసంలో ఉంటే, దానికి ‘జేజేలు పలికారు’ అన్న మాట సరిపోతుంది.