పరీక్షకు 19 రోజులే ఉంది, కాలిక్యులస్ సొంతంగా నేర్చుకోవాలి. ఎక్కడ మొదలుపెట్టాలి?

చివరి బెంచీ (ప్రశ్న):

అన్నలూ, అక్కలూ, నాది కాలేజీలో మొదటి సంవత్సరం. ఒంట్లో బాగోక నెలన్నర క్లాసులకు వెళ్ళలేదు. తిరిగి వెళ్ళేసరికి లిమిట్స్, డెరివేటివ్స్ అయిపోయి ఇంటిగ్రేషన్ నడుస్తోంది. బోర్డు మీద ఏం జరుగుతోందో ఒక్క ముక్క అర్థం కావడం లేదు. పరీక్షకు సరిగ్గా 19 రోజులుంది. మిగతా సబ్జెక్టులు పోను రోజుకు రెండున్నర గంటలు దీనికి పెట్టగలను.

మూడు రోజులుగా వీడియోలు చూస్తున్నాను. చూస్తున్నంతసేపూ అంతా తెలిసినట్టే ఉంటుంది. పుస్తకం తీసి లెక్క మొదలుపెడితే రెండో లైన్ దగ్గరే ఆగిపోతున్నాను. చేసినది తప్పో ఒప్పో చెప్పేవాళ్ళు కూడా పక్కన లేరు. అదే అన్నిటికన్నా టెన్షన్‌గా ఉంది. ఏది ముందు చదవాలి, ఏది వదిలేయాలి? దయచేసి చెప్పండి.

చిత్తు కాగితం:

తమ్ముడూ, నేను ఇదే పేపర్ మొదటిసారి తప్పాను. తర్వాత నా జవాబు పత్రం కాపీ తెప్పించుకుని చూసుకుంటే తల తిరిగిపోయింది. మార్కులు పోయిన చోట్లలో సగానికి పైగా కాలిక్యులస్ తప్పులు కావు, ఆల్జీబ్రా తప్పులు. అందుకని ముందు ఒక గంట దానికి పెట్టు. 9 ప్లస్ 16కి రూట్ ఎంత? 7 అని రాసే చెయ్యి నీకుంటే (చాలామందికి ఉంటుంది, సంఖ్యల బదులు అక్షరాలు రాగానే బయటపడుతుంది) ముందు అది వదిలించుకోవాలి. ఒకటి బై రూట్ ఎక్స్‌ని ఎక్స్ పవర్ మైనస్ అర అని తడుముకోకుండా మార్చగలగాలి. భిన్నాలు, లాగ్ సూత్రాలు, సైన్ స్క్వేర్ ప్లస్ కాస్ స్క్వేర్ ఒకటి, ఇవి వేళ్ళ మీద ఉండాలి. ఇవి తడబడితే పైన ఎంత చదివినా నిలవదు.

నీ దగ్గరున్నవి మొత్తం 47 గంటలు. అందులో వీడియోలకు అయిదారు గంటలకు మించి ఇవ్వకు. చూసింది చూసినట్టు ఆపేసి, కాగితం మీద అదే లెక్క మొదటి నుంచి చెయ్యి. రాకపోతే మళ్ళీ చూడు, మళ్ళీ మూసెయ్యి. మొదటి వారం డెరివేటివ్స్, వాటి ఉపయోగాలు. రెండో వారం మొత్తం ఇంటిగ్రేషన్. మిగిలిన రోజులు పాత ప్రశ్నపత్రాలు. ఏ యూనిట్‌కి ఎన్ని మార్కులో సిలబస్ చూసి అటూ ఇటూ జరుపుకో.

ఇక చెప్పేవాళ్ళు లేరన్నావు చూడు, దాని గురించి. ఈ సబ్జెక్టులో నీ జవాబు తప్పో ఒప్పో చాలాసార్లు నువ్వే తేల్చుకోవచ్చు. ఇంటిగ్రేషన్ చేశావా, వచ్చినదాన్ని డెరివేటివ్ చేసి చూడు. ఎక్స్ కాస్ ఎక్స్‌ని ఇంటిగ్రేట్ చేస్తే ఎక్స్ సైన్ ఎక్స్ ప్లస్ కాస్ ఎక్స్ ప్లస్ సి వచ్చిందనుకో. దాన్ని డెరివేటివ్ చెయ్యి. మొదటి ముక్కకి సైన్ ఎక్స్ ప్లస్ ఎక్స్ కాస్ ఎక్స్, రెండో ముక్కకి మైనస్ సైన్ ఎక్స్. సైన్‌లు కొట్టేసుకుపోయి మొదట ఇచ్చినదే మిగిలింది. ఇక ఎవరినీ అడగక్కర్లేదు. రెండు నిమిషాల పని, పరీక్ష హాల్లో కూడా చేసుకోవచ్చు.

డెరివేటివ్‌కైతే క్యాలిక్యులేటర్ ఉంది. సైన్ లోపల ఎక్స్ స్క్వేర్ ఉన్న ఫంక్షన్ తీసుకో. ఎక్స్ 1 దగ్గర దాని విలువ, 1.001 దగ్గర విలువ రెండూ కనుక్కో. తేడాని 0.001తో భాగించు. సుమారు 1.08 వస్తుంది. నీ సూత్రం 2 ఎక్స్ కాస్ (ఎక్స్ స్క్వేర్) అయితే 1 దగ్గర 1.0806, అంటే సరిపోయింది. చెయిన్ రూల్‌లో లోపలి ముక్క డెరివేటివ్ మర్చిపోయి ఉత్త కాస్ రాసి ఉంటే 0.54 వచ్చేది. తప్పు అక్కడికక్కడే దొరికిపోతుంది.

పక్క వరస:

నాదీ ఇదే పరిస్థితి, అందుకే మధ్యలో దూరుతున్నా. అక్కా, మీరు చెప్పినట్టే క్యాలిక్యులేటర్‌లో వేశాను. నాకు 0.0349 వస్తోంది. మూడుసార్లు చేశాను.

చిత్తు కాగితం:

నీ క్యాలిక్యులేటర్ డిగ్రీల మోడ్‌లో ఉంది! రేడియన్లకి మార్చి మళ్ళీ చెయ్యి. సైన్ డెరివేటివ్ కాస్ అవడం రేడియన్లలోనే. డిగ్రీల్లో కొలిస్తే ప్రతిసారీ పై బై 180 అనే తోక వచ్చి చేరుతుంది. కాలిక్యులస్‌లో డిగ్రీల ఊసు ఎత్తనిది అందుకే.

పక్క వరస:

1.0795 వచ్చింది. థాంక్స్ అక్కా. కిందటి వారం నుంచి ఆ మోడ్‌లోనే ఉన్నట్టుంది, ఇంకెన్ని తప్పులు చేశానో.

లెక్కల మాస్టారు:

పై సలహా బాగుంది. ఒకచోట మాత్రం నేను ఒప్పుకోను. సూత్రాలతో మొదలుపెట్టి వారంలో ముగిస్తే ‘ఇది దేని గురించి’ అన్న ప్రశ్న మిగిలిపోతుంది. అప్పుడు మాటల్లో ఇచ్చిన లెక్క రాగానే చేతులెత్తేస్తారు. మొదటి రోజు ఒక గంట బొమ్మకు ఇవ్వండి. ఎక్స్ స్క్వేర్ వక్రం గీసి, దాని మీద రెండు బిందువులు పెట్టి గీత కలపండి. ఎక్స్ దగ్గర ఒకటి, దానికి హెచ్ దూరంలో ఇంకొకటి. ఆ గీత వాలు లెక్కిస్తే 2 ఎక్స్ ప్లస్ హెచ్ వస్తుంది. హెచ్ చిన్నదవుతున్నకొద్దీ రెండో బిందువు మొదటి దాని మీదికి జరుగుతూ వస్తుంది, వాలు 2 ఎక్స్‌కి చేరుతుంది. దీన్ని చూడకుండా, మీరే స్వయంగా చేత్తో ఒక్కసారి చేయండి. లిమిట్ అన్న మాట ఎందుకు పుట్టిందో దానంతటదే తెలుస్తుంది.

అలాగని లిమిట్‌కి ఇచ్చే కచ్చితమైన ఎప్సిలాన్, డెల్టా నిర్వచనం దగ్గర కూర్చుండిపోవద్దు. మీ సిలబస్‌లో ప్రశ్నగా అడుగుతుంటే చివర్లో చూసుకోండి, లేకపోతే ఇప్పటికి వదిలేయండి. కాలిక్యులస్‌ని కనిపెట్టినవాళ్ళలో ఒకడైన లైబ్నిజ్ తన అవకలన (డెరివేటివ్) పద్ధతిని 1684లో అచ్చు వేశాడు. లిమిట్‌ను పునాదిగా పెట్టి కోషీ అనే గణితవేత్త పాఠ్యగ్రంథం రాసింది 1821లో. ఈ మధ్యలో వందేళ్ళకు పైగా గ్రహాల కదలికల దగ్గర నుంచి తీగల కంపనాల దాకా లెక్కలు కట్టినవాళ్ళంతా ఆ నిర్వచనం లేకుండానే కట్టారు. 19 రోజులు మీరూ నెట్టుకురావచ్చు.

ఇంకొకటి. ప్రొడక్ట్ రూల్ దగ్గర చాలామంది రెండింటి డెరివేటివ్‌లనీ గుణించేస్తారు. ఎక్స్ స్క్వేర్, ఎక్స్ క్యూబ్ తీసుకుని చూడండి. అలా గుణిస్తే 6 ఎక్స్ క్యూబ్ వస్తుంది. కానీ ఆ రెండింటి లబ్ధం ఎక్స్ పవర్ 5, దాని డెరివేటివ్ 5 ఎక్స్ పవర్ 4. పొంతనే లేదు. సిగ్గుపడాల్సిన తప్పేం కాదు లెండి, లైబ్నిజ్ కూడా 1675 నాటి తన చిత్తు రాతల్లో ఇలా అవుతుందా అని అనుమానపడి, కాదని తేల్చుకున్నాడు. సూత్రం మీద అనుమానం వస్తే మీరూ జవాబు ముందే తెలిసిన చిన్న లెక్క మీద పెట్టి చూడండి.

చిత్తు కాగితం:

మాస్టారూ, ఆ గంట నేనూ ఒప్పుకుంటాను. నేను తప్పినప్పుడు బొమ్మలే గీయలేదు.

చివరి బెంచీ:

అందరికీ థాంక్స్. ఎనిమిదో రోజు అయింది. చెయిన్ రూల్ బాగానే వస్తోంది. రోజూ పొద్దున తెల్ల కాగితం మీద సూత్రాలన్నీ చూడకుండా రాసుకుంటున్నాను. మొదటి రోజు ఆరు గుర్తొచ్చాయి, ఇవాళ ఇరవై దాటాయి.

ఇప్పుడు నిచ్చెన దగ్గర ఇరుక్కున్నాను. గోడకు ఆనించిన 5 మీటర్ల నిచ్చెన. అడుగు భాగం గోడకు 3 మీటర్ల దూరంలో ఉన్నప్పుడు సెకనుకు 1 మీటర్ చొప్పున బయటికి జారుతోంది. పై కొన ఎంత వేగంతో దిగుతోంది? నేను 3 స్క్వేర్ ప్లస్ వై స్క్వేర్ ఈజ్ ఈక్వల్ టు 25 అని రాసి, వై 4 అని తెచ్చి, డెరివేటివ్ చేశాను. సున్నా వచ్చింది. నిచ్చెన జారుతుంటే పై కొన కదలకుండా ఎలా ఉంటుంది?

చిత్తు కాగితం:

సున్నా చూసి అనుమానపడ్డావు చూడు, సగం పని అయిపోయింది. ఎక్స్ స్థానంలో 3 వేసిన క్షణాన నువ్వు నిచ్చెనకి ఫోటో తీసేశావు. ఫోటోలో ఏదీ కదలదు, అందుకే సున్నా. ముందు కదలనివ్వు, తర్వాత ఫోటో తియ్యి.

అంటే ఎక్స్ స్క్వేర్ ప్లస్ వై స్క్వేర్ ఈజ్ ఈక్వల్ టు 25 అన్నది అక్షరాలతోనే ఉంచి, కాలం మీద డెరివేటివ్ చెయ్యి. 2 ఎక్స్ ఇంటూ ఎక్స్ మారే వేగం, ప్లస్ 2 వై ఇంటూ వై మారే వేగం, మొత్తం సున్నా. ఇప్పుడు వెయ్యి సంఖ్యలు. ఎక్స్ 3, వై 4, ఎక్స్ వేగం 1. వై వేగం మైనస్ మూడు బై నాలుగు. మైనస్ అంటే కిందికి. సెకనుకు 0.75 మీటర్లు. గరాటులో నీళ్ళు, గాలి ఊదుతున్న బుడగ, అన్నీ ఈ బాపతే. ఎప్పుడూ మారనివి మాత్రమే (ఇక్కడ నిచ్చెన పొడవు 5) ముందే సంఖ్యగా వేసుకోవచ్చు.

చివరి బెంచీ:

అర్థమైంది అక్కా! నిన్నంతా దీనికే పోయింది.

ఇంకో సందేహం. సబ్‌స్టిట్యూషన్ అభ్యాసంలో 20 లెక్కలకు 18 కరెక్ట్. బై పార్ట్స్‌లో కూడా అంతే. అదే పాత ప్రశ్నపత్రం తీస్తే ఏ పద్ధతి వాడాలో తెలియక చూస్తూ కూర్చుంటున్నాను. నేర్చుకున్నది ఎక్కడికి పోతోంది?

లెక్కల మాస్టారు:

ఎక్కడికీ పోలేదు. అభ్యాసం పైన ‘సబ్‌స్టిట్యూషన్’ అని శీర్షిక ఉంటుంది కదా, ఏ పద్ధతో అదే చెప్పేస్తోంది. పరీక్షలో ఆ శీర్షిక ఉండదు. పద్ధతిని గుర్తుపట్టడం వేరే విద్య, దాన్ని మీరు ఇంకా సాధన చేయలేదు.

ఇవాళ్టి నుంచి ఇలా చేయండి. నాలుగు అభ్యాసాల నుంచి తలా అయిదు లెక్కలు చీటీల మీద రాసి కలిపేయండి. చీటీ తీసి, లెక్క చేయకుండా, ‘ఏ పద్ధతి, ఎందుకు’ అని ఒక్క ముక్క రాయండి. లోపలి ఫంక్షన్ డెరివేటివ్ పక్కనే కనిపిస్తే సబ్‌స్టిట్యూషన్. రెండు వేరు వేరు జాతుల ఫంక్షన్లు గుణించుకుని ఉండి, అందులో ఒకటి డెరివేటివ్ చేస్తే చిన్నదయ్యేదైతే బై పార్ట్స్. కింద హారాన్ని కారణాంకాలుగా విడగొట్టగలిగితే పాక్షిక భిన్నాలు. ఎక్స్ ఇంటూ ఈ పవర్ ఎక్స్ స్క్వేర్‌కీ, ఎక్స్ ఇంటూ ఈ పవర్ ఎక్స్‌కీ చూపులో తేడా చాలా చిన్నది. మొదటిది సబ్‌స్టిట్యూషన్, రెండోది బై పార్ట్స్. ఇలాంటి జంటలు పక్కపక్కన పెట్టుకుని చూస్తే కన్ను అలవాటు పడుతుంది.

ఇలా కలిపి చేస్తే మొదట తప్పులు పెరుగుతాయి, బెదిరిపోవద్దు. 2007లో రోరర్, టేలర్ అనే పరిశోధకులు కాలేజీ విద్యార్థులకు ఘనపరిమాణాల లెక్కలిచ్చి చూశారు. రకరకాల లెక్కలు కలిపి చేసినవాళ్ళు సాధనలో వెనకబడ్డారు. వారం తర్వాత పెట్టిన పరీక్షలో మాత్రం, ఒక్కో రకం విడిగా చేసినవాళ్ళకన్నా వాళ్ళే బాగా రాశారు.

పక్క వరస:

ఫోటో తీస్తే స్టెప్పులతో సహా చేసి పెట్టే యాప్‌లు వాడొచ్చా?

లెక్కల మాస్టారు:

మీరు రాసిన తర్వాత, తప్పిన లైన్ వెతుక్కోవడానికైతే వాడుకోండి. ముందే చూస్తే అదీ వీడియో లాంటిదే.

చివరి బెంచీ:

పదిహేనో రోజు. చీటీల పద్ధతి పని చేస్తోంది. మొదటి రోజు 20కి 9, నిన్న 15. ఇవాళ ఒకటి తేలలేదు. ఎక్స్ ఇంటూ ఈ పవర్ ఎక్స్ స్క్వేర్, 0 నుంచి 2 దాకా. యూ ఈజ్ ఈక్వల్ టు ఎక్స్ స్క్వేర్ అనుకున్నాను. సగం ఇంటూ (ఈ స్క్వేర్ మైనస్ 1), అంటే 3.19 వచ్చింది. పుస్తకంలో జవాబు వేరే ఉంది. అచ్చుతప్పా?

చిత్తు కాగితం:

పుస్తకం పక్కన పెట్టి నువ్వే తేల్చు. ఇంటిగ్రల్ అంటే ఇక్కడ వక్రం కింద ఉన్న వైశాల్యం. ఎక్స్ 1.5 దగ్గర ఆ ఫంక్షన్ విలువ ఎంత? క్యాలిక్యులేటర్‌లో వేస్తే 14 దాటుతుంది, అక్కడి నుంచి 2 దాకా పెరుగుతూనే పోతుంది. ఆ చివరి ముక్క వెడల్పు అర, ఎత్తు కనీసం 14. ఒక్క ఆ ముక్కలోనే 7 ఉంది. మొత్తం 3.19 ఎలా అవుతుంది?

లెక్కల మాస్టారు:

ఇలా బొమ్మతో అంచనా వేసుకునే అలవాటు ఇంకో గుంట నుంచి కూడా కాపాడుతుంది. ఒకటి బై ఎక్స్ స్క్వేర్‌ని మైనస్ 1 నుంచి 1 దాకా ఇంటిగ్రేట్ చేయమంటే గుడ్డిగా సూత్రం వేసినవాళ్ళకి మైనస్ 2 వస్తుంది. వక్రమేమో మొత్తం ఇరుసుకు పైనే ఉంది, మైనస్ ఎక్కడి నుంచి వచ్చింది? మధ్యలో సున్నా దగ్గర ఫంక్షన్ అనంతానికి లేచిపోయింది. అక్కడ ఆ సూత్రమే చెల్లదు.

చివరి బెంచీ:

దొరికింది! ఎక్స్ తీసి యూ పెట్టాను కానీ హద్దులు ఎక్స్‌వే ఉంచేశాను. ఎక్స్ 2 అయితే యూ 4. సగం ఇంటూ (ఈ పవర్ 4 మైనస్ 1), 26.8. పుస్తకంలో ఉన్నది అదే. మిగతా చీటీల్లో కూడా ఇదే తప్పు చేశానేమో, ఇప్పుడే తీసి చూస్తున్నాను.