కత్తి పిడికి నీళ్ల పరీక్ష: తూకం చూడాలా, ఉబ్బు చూడాలా?

పిడిపని_వరంగల్:
అందరికీ నమస్తే. మటన్ షాపుల వాళ్ల కత్తులకు పిడిలు వేసిస్తుంటాను. అక్కడ కత్తి పొద్దంతా తడిలోనే ఉంటుంది, రాత్రి వేడి నీళ్ల బకెట్‌లో పడేస్తారు, కాబట్టి ఏ పిడి ఆగుతుందో నమ్మకం మీద కాకుండా పరీక్ష చేసి చెప్పాలని నా పట్టుదల. టేకు, నల్లతుమ్మ, బర్రె కొమ్ము, మైకార్టా (గుడ్డ పొరలను ప్లాస్టిక్ రెసిన్‌తో అదిమి చేసిన పలక), జీ-టెన్ (గాజు నార, రెసిన్ కలిపి అదిమిన పలక) ముక్కలు రాత్రంతా నీళ్లలో వేసి బంగారం తూచే చిన్న త్రాసు మీద పెట్టాను. జీ-టెన్ దాదాపు కదలలేదు. చెక్కలు బాగానే తాగాయి. కొమ్ము మాత్రం ఎండాక వంకర పోయింది, ఆ సంగతి తూకం చెప్పలేదు. మరి దేన్ని నమ్మాలి?

కొలతబద్ద:
తూకం ప్లాస్టిక్ రకాలకు సరిపోతుంది అన్నా. ప్లాస్టిక్ ఎంత నీళ్లు తాగుతుందో కొలిచే ఏఎస్‌టీఎం డీ570 అనే ప్రామాణిక పద్ధతిలో ముక్కను ముందు 50 డిగ్రీల వేడిలో ఆరబెట్టి తూస్తారు, 23 డిగ్రీల నీళ్లలో 24 గంటలు ఉంచి, తుడిచి మళ్లీ తూస్తారు, పెరిగిన బరువు పొడి బరువులో ఎంత శాతమో అదే లెక్క. మన దగ్గర మే నెలలో ట్యాంకు నీళ్లు 23 డిగ్రీలు ఎక్కడుంటాయి, అందుకే అన్ని ముక్కలూ ఒకే టబ్బులో ఒకేసారి వేయండి.
చెక్క కథ వేరు. తేమ సుమారు 30 శాతం చేరేదాకా నీళ్లు నారల గోడల్లోకి పోతాయి, చెక్క ఉబ్బుతుంది. ఆ పైన తాగినవి లోపలి ఖాళీల్లో నిలుస్తాయి, బరువు పెరుగుతుంది కానీ ఉబ్బు పెరగదు. అంటే ఎక్కువ తాగిన చెక్కే ఎక్కువ ఉబ్బిందని చెప్పలేం. వెర్నియర్ (మందం సన్నగా కొలిచే పనిముట్టు) పెట్టి వెడల్పు, మందం కొలవండి, పొడవు పెద్దగా మారదు.

కాజీపేట_వడ్రంగి:
ముక్క చివర్లు చూశారా? నారల నోళ్లు అక్కడే తెరుచుకొని ఉంటాయి, నీళ్లు ఎక్కువగా అక్కడి నుంచే ఎక్కుతాయి. ఒక ముక్క పొట్టిగా, ఇంకోటి పొడుగ్గా ఉంటే పరీక్షే తప్పు. నూనె పెట్టేదుంటే ఉడికించిన అవిసె నూనె పెట్టండి, అది గాలికి గట్టిపడుతుంది, కొబ్బరి నూనె ఎన్నాళ్లైనా ఆరదు. ఏ నూనె అయినా నీళ్లను ఆలస్యం చేస్తుందంతే, ఆపదు. ఆ నూనె తుడిచిన గుడ్డలు మాత్రం ఉండచుట్టి మూల పడేయకండి, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి, పరిచి ఆరబెట్టండి. నిర్మల్ బొమ్మల పొనికి చెక్క బొమ్మకే బాగుంటుంది, పిడికి వద్దు.

జనగామ_కమ్మరి:
విడి ముక్క గెలిస్తే పిడి గెలిచినట్టు కాదు తమ్ముడూ. నా దగ్గరికి రిపేరుకు వచ్చేవాటిలో చెక్క బాగానే ఉంటుంది, లోపలి ఇనుము తుప్పు తినిపోయి ఉంటుంది. చెక్క తడికి ఉబ్బి, ఎండకు కుంచించుకొని రివిట్ చుట్టూ సందు చేస్తుంది, ఇక ఆ సందులో తడి ఆరదు. లక్కతో బిగించినవైతే వేడి నీళ్లకే మెత్తబడి వదులవుతాయి. అందుకే పిడి బిగించిన కత్తినే తడిపి ఆరబెట్టు, మళ్లీ తడుపు. ప్రతిసారీ అతుకు మీద గోరు నడిపించి చూడు, తగిలిందంటే కదిలినట్టే. తడి చేత్తో పట్టి కూడా చూడు, నున్నగా పాలిష్ చేసిన జీ-టెన్ కొవ్వు చేతికి జారుతుంది.

పిడిపని_వరంగల్:
చాలా థ్యాంక్స్ అన్నలూ. ఒకే కొలత ముక్కలు కోసి, సగం వాటికి నూనె పట్టించి, సగం నూనె లేకుండా ఉంచి వెర్నియర్‌తో మొదలుపెడతా. షాపుల్లో వాడేది వేడి నీళ్లే కాబట్టి బిగించిన కత్తులను వేడి నీళ్లలోనే వేస్తా. కమ్మరన్నా, సందు పడిందో లేదో గోరుకు తెలియకముందే పట్టుకునే ఉపాయం ఏమైనా ఉందా?

జనగామ_కమ్మరి:
రివిట్ పక్కన ఒక చుక్క సిరా వేసి తుడువు. సందు ఉంటే గీతలా నిలిచిపోతుంది.