బాబుకి రెండోసారి చెవిలో గొట్టాలు వేయాలంటున్నారు, మొదటిసారి ఏదైనా తప్పు జరిగిందా?

రాజాం అమ్మ:
మా గుంటడికి వచ్చే నెలతో నాలుగేళ్లు నిండుతాయి. ఏడాదిన్నర వయసులో రెండు చెవులకీ గ్రోమెట్లు వేయించాం, అదే, కర్ణభేరిలో పెట్టే చిన్న గొట్టాలు. పది నెలలకు వాటంతటవే ఊడిపోయాయి. ఏడాది పాటు బాగానే ఉన్నాడు. ఇప్పుడు మళ్లీ టీవీ సౌండ్ పెంచమంటాడు, వెనక నుంచి పిలిస్తే పలకడు, రాత్రిళ్లు నోరు తెరుచుకుని గురక. వైజాగ్‌లో చూపిస్తే లోపల మళ్లీ నీరు చేరింది, మూడు నెలలు చూసి తగ్గకపోతే ఆపరేషనే అన్నారు. మొదటి డాక్టరు సరిగ్గా వేయలేదా? లేక నేను తలంటేటప్పుడు నీళ్లు పోనిచ్చానా? మా అత్తగారు ఆ మాటే అంటున్నారు, రెండు రోజులుగా నిద్ర లేదు.

చీపురుపల్లి ఆడియాలజిస్ట్:
ముందు తలంటు సంగతి వదిలేయండమ్మా. గొట్టం ఉన్నప్పుడు చెరువు నీళ్లలాంటివి పోతే చీము కారొచ్చు గానీ, ఇప్పుడు చేరిన నీరు బయట నుంచి వచ్చింది కాదు. ముక్కు వెనక నుంచి మధ్యచెవికి గాలి వెళ్లే సన్నటి దారి ఒకటి ఉంటుంది, చిన్నపిల్లల్లో అది పొట్టిగా, కాస్త అడ్డంగా ఉంటుంది కాబట్టి జలుబు చేస్తే చాలు మూసుకుపోతుంది. గొట్టం ఆ దారిని బాగుచేయదు, అది ఎదిగేదాకా చెవికి గాలి ఆడనిస్తుంది, అంతే. మామూలుగా 6 నుంచి 18 నెలల్లో ఊడిపోతుంది, మీవాడికి పది నెలలు నిలిచిందంటే వేసినవాళ్లనీ అనక్కర్లేదు. మరీ చిన్నప్పుడు వేయించుకున్న పిల్లలకి రెండోసారి అవసరం పడటం ఎక్కువే, ఎందుకంటే గొట్టం ఊడేసరికి ఆ దారి ఇంకా ఎదగదు. అంగిలి చీలిక, డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లకైతే ఇంకా ఎక్కువ. నాకు అనుమానం ఆ గురక మీద. అడినాయిడ్, అంటే ముక్కు వెనక ఉండే మెత్తటి కండ, పెరిగిందేమో చూశారా?

పలాస నాన్న:
మా పాపకీ ఇంతే. రెండోసారి గొట్టాలతో పాటు ముక్కు వెనక అడినాయిడ్ కూడా తీశారు, రెండేళ్లయింది, మళ్లీ రాలేదు. ఇంకోటి చెప్పాలి, ఇంట్లో పొగ ఉన్నా పిల్లల చెవిలో ఇలా నీరు చేరొచ్చట. ఇంట్లో ఎవరైనా పొగ తాగుతారా అని డాక్టరు అడిగితే లేదండి అన్నాను, సిగరెట్లు అనుకుని. మా మామ్మ పాపని ఒళ్లో వేసుకుని రోజంతా అడ్డపొగ తాగేది, నిప్పు నోట్లో పెట్టుకునే చుట్ట, మన ఊళ్లలో ముసలమ్మలకి మామూలే కదా. అదీ పొగేనని నాకు తట్టనే లేదు!

రాజాం అమ్మ:
అడినాయిడ్ గురించి ఎవరూ చెప్పలేదండీ. చుట్ట లేదు గానీ నీళ్లు కాచడం కట్టెల పొయ్యి మీదే, వీడు పక్కనే కూర్చుంటాడు. అత్తగారు వెల్లుల్లి నూనె పోద్దామంటున్నారు.

చీపురుపల్లి ఆడియాలజిస్ట్:
నూనె వద్దు. పోసినా కర్ణభేరి దాటి లోపలికి వెళ్లదు, కర్ణభేరికి చిల్లు గానీ ఉంటే ఇంకా ప్రమాదం. వాణ్ని పొయ్యి దగ్గర కూర్చోనివ్వకండి. ఎప్పుడూ తుమ్ములు, ముక్కు కారడం ఉంటే ఎలర్జీ సంగతి కూడా అడగండి. నాలుగేళ్లు దాటినవాళ్లకి అడినాయిడ్ తీస్తే మళ్లీ గొట్టాలు వేయాల్సిన అవసరం తగ్గుతుంది, అందుకే వయసు చెప్పి మరీ అడగండి. ఆపరేషన్‌కి ముందు వినికిడి పరీక్ష మాత్రం తప్పకుండా చేయించండి, మాటలు వచ్చే వయసు కదా.

రాజాం అమ్మ:
సోమవారం వెళ్తున్నాం. మీ మొదటి జవాబు అత్తగారికి చదివి వినిపించాను. ఏం మాట్లాడలేదు గానీ నూనె గిన్నె లోపల పెట్టేశారు.